పక్కింటావిడ గొంతు

పాత రేడియో అభిమానుల సంఘంవాళ్లు పుస్తకం వేస్తున్నారు. మా నగరంలో ఒకప్పుడు మోగిన రెండు స్టేషన్ల గురించి, వాటిలో పనిచేసినవాళ్లు తలా రెండు పేజీలు రాసివ్వాలట. "తియ్యటి జ్ఞాపకాలండీ, తియ్యటివే," అని కార్యదర్శి ఫోనులో రెండుసార్లు ఒత్తి చెప్పాడు. ఆయన రిటైరైన పళ్ల డాక్టరు. తీపి వల్ల ఏమవుతుందో ఆయనకు నేను చెప్పాలా?

తియ్యటివి లేక కాదు. గుట్ట మీద కొండ స్టేషను, ఓడల గోదాముల పక్కన మా రేవు స్టేషను. ఊరు ఊరంతా ఈ రెండింటి మధ్య చీలిపోయి ఉండేది. బజారులో ఎదురెదురుగా రెండు మంగలి షాపులుండేవి. ఒకదాంట్లో కొండ మోగేది, రెండోదాంట్లో రేవు. జుట్టు ఎంత చెడగొట్టినా సరే, ఎవరి స్టేషను షాపుకే వాళ్లు వెళ్లేవాళ్లు. మా స్టేషను గోడలు పలచన. వార్తల మధ్యలో ఓడ కూత పెట్టిందంటే చదివే ఆవిడ ఆగేది, కూత అయ్యాక మళ్లీ అందుకునేది. ఒక ఏడాది గోడలకు మెత్తలు కొట్టించి ఆ కూత వినబడకుండా చేస్తే, వార్తల్లో ఏదో తగ్గిందని నలభై ఉత్తరాలొచ్చాయి. మా దగ్గరున్న ఒక రికార్డుకి గీత పడి, రెండో చరణంలో ఒక మాట రెండుసార్లు పలికేది. పిల్లా పెద్దా అందరూ ఆ పాటను అలాగే, ఆ మాట రెండుసార్లు అనే పాడుకునేవాళ్లు. కొత్త రికార్డు తెచ్చి వేసిన రోజున పాట తప్పుగా ఉందని మమ్మల్ని తిట్టిపోశారు.

ఇలాంటివి ఎన్నయినా రాయొచ్చు. కానీ రేడియో కబుర్లు ఎవరు ఎక్కడ మొదలుపెట్టినా చివరికి వచ్చి ఆగేది ఒక్కచోటే. "అబ్బ, ఆ పక్కింటావిడ! ఎవరండీ ఆమె? ఇప్పుడుందా?" పళ్ల డాక్టరు కూడా అదే అడిగాడు. ఆవిడ గురించి తప్పకుండా రాయమన్నాడు.

రాస్తాను. పక్కింటావిడను నేనే.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్లు. రేవు స్టేషనులో స్క్రిప్టులు రాసే ఉద్యోగం. పన్నెండు గంటల వార్తలకు ముందు పావుగంటసేపు ఇల్లాళ్ల కార్యక్రమం వచ్చేది. చదువుకున్న ఒకమ్మాయీ, చదువులేని పక్కింటావిడా మాట్లాడుకుంటారు. నీళ్లు కాచి తాగాలని, దోమలకు తలుపులు వెయ్యాలని ఆ అమ్మాయి చెబుతుంది, ఈవిడ నోరు తెరుచుకుని వింటుంది. ఉప్పులేని గంజి నయం. నేను రాసిందాని గురించే చెబుతున్నాను, ఇంకొకరిని అనడం లేదు.

ఒకరోజు పక్కింటావిడగా చదివే నటికి గొంతు పట్టేసింది. ప్రసారానికి పది నిమిషాలుంది. మా దగ్గర ఆ కార్యక్రమం టేపు మీద ఎక్కించి వేసేది కాదు, అప్పటికప్పుడు చదవాల్సిందే. "రాసిన పాపం నీదే కదా, నువ్వే చదివి చావు," అంటూ మీటల బాబాయి నన్ను మైకు ముందుకు తోశాడు. మీటల బాబాయంటే కంట్రోలు రూములో మీటలు ఎత్తి దించే ఆయన. బయటివాళ్లకు ఏది వినబడాలో, ఏది వినబడకూడదో ఆయన వేలి కొసన ఉండేది.

నేను నోరు తెరిచాను. నోట్లోంచి మా అత్త వచ్చింది.

అత్త అంటే మా నాన్నకి అక్క. మా పల్లెలో పెద్ద బడి లేదు కనుక హైస్కూలు చదువంతా టౌనులో ఆమె ఇంట్లోనే జరిగింది. పిల్లల్లేని ఇల్లు. మామయ్యకి గడియారాల రిపేరు షాపు. అత్తకి మనుషుల గొంతులు పట్టి, అచ్చం వాళ్లలా మాట్లాడటం వచ్చు. పాలమనిషి, పోస్టుమాను, పై వాటా ముసలాయన, ఎవరు వచ్చి వెళ్లినా తలుపు వేసిన మరుక్షణం వాళ్లు మళ్లీ ఇంట్లో ఉండేవాళ్లు. నేను పొట్ట పట్టుకుని నేలమీద దొర్లేవాణ్ణి. ఆ విద్య నాకు అబ్బింది అక్కడే. ఆమె నాకు అన్నం పెట్టింది, దాంతో పాటు గొంతూ పెట్టింది.

ఆ రోజు చదివింది ముందు స్క్రిప్టులో ఉన్నదే. కానీ కాచిన నీళ్ల గురించి అత్త గొంతులో చదివేసరికి, గాజు అవతల మీటల బాబాయి బల్లమీద తల పెట్టుకుని నవ్వుతున్నాడు. స్టేషను పెద్దాయన తన గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. "ఎవర్రా ఆ ఆడమనిషి? ఆమెను వదలొద్దు," అన్నాడు. నేనని తెలిశాక, "నువ్వని బయట చెప్పొద్దు," అన్నాడు. అలా మూడేళ్లు నడిచింది.

గొంతు ఉంటే సరిపోదు, మాట్లాడటానికి సరుకు కావాలి. సరుకు కోసం నెలకోసారి అత్త ఇంటికి వెళ్లేవాణ్ణి. చూడాలనిపించే వెళ్లేవాణ్ణి, అది అబద్ధం కాదు. కానీ సంచిలో నోటుబుక్కు ఉండేది, అదీ అబద్ధం కాదు. ఆమె వంటచేస్తూ మాట్లాడుతుంటే బాత్రూముకని లేచి వెళ్లి రాసుకునేవాణ్ణి. "ఏరా, పట్నం నీళ్లు పడలేదా, అన్నిసార్లు వెళుతున్నావు?" అని పాపం కషాయం కాచిచ్చేది. ఆ కషాయం గురించి కూడా ఒక పావుగంట నడిపాను.

అన్నిటికన్నా ఊరికి నచ్చింది పిల్లి. నేను కాలేజీకి వెళ్లిన తర్వాత ఎప్పుడో అత్తకీ మామయ్యకీ మాటలు ఆగిపోయాయి. ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు. సెలవులకు వచ్చేసరికి ఇంట్లో ఒక పిల్లి ఉండేది, కబుర్లన్నీ దాని మీదుగా వెళ్లేవి. "ఒసే పిల్లీ, వడ్డించానని చెప్పు. చల్లారిపోతే నా పూచీ లేదని కూడా చెప్పు." మామయ్య పిల్లితో కూడా మాట్లాడడు. వచ్చి కూర్చుని తిని, కంచం కడిగి బోర్లించి, షాపుకి పోతాడు. "చూశావుటే పిల్లీ, ఉప్పు ఎక్కువైనా నోరు విప్పడు. గడియారమైతే కనీసం గంటకోసారి మోగుతుంది!"

ఇది రేడియోలో మొదటిసారి అన్నరోజు స్టేషనులో ఫోన్లు ఎత్తే అమ్మాయి, మోత భరించలేక చెవులు మూసుకుని కూర్చుంది. వారం తిరక్కుండా ఊరంతా "పిల్లితో చెప్పు" అనడం మొదలుపెట్టింది. బస్సులో కండక్టరు చిల్లర లేదంటే పిల్లితో చెప్పు. ఆఫీసులో సెలవు అడిగితే పిల్లితో చెప్పు.

అత్త వినదా అని మీరడగొచ్చు. వినడమేమిటి, ఆమెకి రేడియో కొనిచ్చిందే నేను, మొదటి జీతంలో. వింటుందని తెలుసు. మరి తన గొంతు తను గుర్తుపట్టదా? పట్టదు. మన వీపు మనకి కనబడదు, మన గొంతు మనకి వినబడదు. నా ధైర్యమంతా అదే. పిల్లి కబురు వెళ్లిన నెలలో మాత్రం గుండె చిక్కబట్టుకుని వెళ్లాను. అత్త గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుంది. కళ్లు మెరుస్తున్నాయి.

"ఒరేయ్, మీ రేడియోలో ఆ పక్కింటావిడ ఎవర్రా?"

"ఎందుకత్తా?"

"ఆమె మొగుడు కూడా మాట్లాడడురా! ఆమెకి కూడా పిల్లే దిక్కు! ఇన్నాళ్లూ ఈ భూమ్మీద నేనొక్కతినే అనుకున్నాను. నాలాంటిది ఇంకొకతి ఉంది. పైగా ఎలా నవ్వుతూ చెబుతుందిరా, ఒక్కరోజు ఏడవదు. ఆమెను చూసి నేను ఏడుపు మానేశాను తెలుసా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పడానికి రెండు మాటలు చాలు. నేను అన్నదేమిటో రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు. "చాలా మంచి మనిషత్తా. నీ గురించి చెప్పాను, సంతోషించింది," అన్నాను.

అబద్ధానికి కాళ్లు లేవంటారు. మా అత్త దానికి బస్సు టిక్కెట్టు కొంది. రెండు నెలల తర్వాత ఒక ఉదయం పదింటికి రేవు స్టేషను గేటు దగ్గర నిలబడి ఉంది, తల నున్నగా దువ్వుకుని, చేతిలో తను అల్లిన శాలువా పట్టుకుని. పక్కింటావిడను చూసి ఆ శాలువా కప్పి వెళతానంది.

"ఆవిడ ఇవాళ రాలేదత్తా."

"నిన్న విన్నాను కదా?"

"నిన్న వచ్చింది, ఇవాళ సెలవు."

"అయితే రేపు వస్తుందిగా. ఇక్కడే ఎక్కడో పడుకుంటాను. నువ్వు పనిచూసుకో."

పన్నెండుకు పావుగంట ముందు నేను మైకు దగ్గర ఉండాలి. లోపలికి పరుగెత్తి వార్తలు చదివే ఆవిడ కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆమె నాకన్నా పదేళ్లు పెద్ద, ఎవరి జోలికీ పోని మనిషి. నాకు అక్కలాంటిది.

"నేను పక్కింటావిడనని చెప్పాలా? నీకు బుద్ధుందా?" అంది.

"పది నిమిషాలక్కా. శాలువా కప్పించుకుని పంపెయ్. గొంతేమిటి అలా ఉందంటే మైకులో మారుతుందని చెప్పు."

"ఆ పాపం నాకు చుట్టుకుంటుంది."

"పెద్దావిడ అంత దూరం నుంచి వచ్చింది. నిరాశపడి వెళితే పాపం కాదా?"

చూశారా, చెడ్డపని చేయించడానికి మంచితనం లాంటి పనిముట్టు లేదు. ఆమె ఒప్పుకుంది.

సెలవైనా ఏదో పనుండి ఆవిడ వచ్చిందని అత్తకు చెప్పి, వాళ్లిద్దర్నీ చిన్న స్టూడియోలో కూర్చోబెట్టాను. నిశ్శబ్దంగా ఉంటుందని, ఎవరూ రారని. ఆ గదిలో బల్లమీద మైకు ఉంది. నేను కంట్రోలు రూములోకి వెళ్లి మీటల బాబాయితో, "ఒక్కసారి ఆ గది మీట ఎత్తు బాబాయ్, అక్క ఎక్కడైనా తడబడుతుందేమో వినాలి," అన్నాను. బయటికి కాదు, మా చెవులకు మాత్రమే. ఆయన ఎత్తాడు. నేను చెవులకు తగిలించుకున్నాను.

అత్త గొంతు ఎంత దగ్గరగా వచ్చిందంటే, చిన్నప్పుడు జ్వరమొస్తే మంచం పక్కన కూర్చుని మాట్లాడేది, అంత దగ్గరగా.

"అమ్మా, నువ్వు చెప్పకపోయినా పర్లేదు కానీ అడుగుతాను. మీ ఆయన ఎందుకు మాట్లాడ్డు?"

అక్క ఏదో గొణిగింది.

"నేను చెబుతాను విను. ఇది మా అమ్మకు కూడా చెప్పలేదు. మా ఆయనకి చిన్నప్పట్నుంచీ నత్తి. గడియారాల షాపు పెట్టినా ఆయనకి గడియారం అనే మాటే రాదు. గ... గ... అని అక్కడే తిరుగుతుంది. నేను గొంతులు పడతాను, అదొక పిచ్చి నాకు. ఒకరోజు ఇంటినిండా చుట్టాలు. అందరూ నవ్వుతున్నారు, ఇంకొకటి చెయ్యి, ఇంకొకటి చెయ్యి అంటున్నారు. చేసీ చేసీ అందరూ అయిపోయారు. ఆయన్ని చేశాను. గ... గ... గడియారం అని. ఆయన గుమ్మంలో ఉన్నాడు. నేను చూడలేదు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వాడు, పరువు కోసం. అంతే. మర్నాటి నుంచి నాతో మాటల్లేవు. పదకొండేళ్లు. తప్పయిందని చెప్పడానికి నోరు రాదు. నోటితోనే కదా చేశాను."

తర్వాత అత్త ముక్కు చీదుకోవడం వినబడింది. అక్క కూడా ఏడుస్తోంది. మీటల బాబాయి ముఖం చూస్తే తెలిసింది, ఆయనకూ వినబడుతోందని. ఆయన మెల్లగా మీట దించేశాడు.

"ఇది మనం వినాల్సింది కాదురా," అన్నాడు.

నేను తల ఊపాను. అప్పటికి నా చేతిలో పెన్సిలుంది. గ... గ... అని చుక్కలు పెట్టి మరీ రాసుకున్నాను. ఎప్పుడు తీశానో, ఎప్పుడు రాశానో నాకు గుర్తులేదు. ఆయన ఆ కాగితం చూశాడు. 

ఆ రోజు అత్త సంతోషంగా వెళ్లిపోయింది. బస్సు కిటికీలోంచి, "మైకులో కన్నా బయట నెమ్మదిగా ఉంటుందిరా ఆమె. పాపం, ఎన్ని దాచుకుందో," అంది. వార్తలక్క మాత్రం ఆ శాలువా తీసి నా కుర్చీకి వేలాడదీసి, "ఇంకెప్పుడూ నన్నిలాంటిది అడక్కు," అని వెళ్లిపోయింది.

కాగితం చింపేస్తానని నాకు నేను చెప్పుకున్నాను. చింపేవాణ్ణేమో కూడా. కానీ ఆ నెలలోనే కొండ స్టేషనువాళ్లు సరిగ్గా మా సమయానికి ఇద్దరు హాస్యగాళ్లను దింపారు. మాకు ఉత్తరాలు సగానికి పడిపోయాయి. పెద్దాయన పిలిచి, "ఆవిడ మొగుడు ఎందుకు మాట్లాడ్డోయ్? ఊరంతా అదే అడుగుతోంది. ఈ గురువారం చెప్పెయ్," అన్నాడు.

ఇంకేదైనా కల్పించొచ్చు. రాసేవాణ్ణి కదా. రెండు రాత్రులు కూర్చుని మూడు కారణాలు కల్పించాను, మూడూ గంజిలాగే ఉన్నాయి. పక్కన ఆ కాగితం ఉంది. నిజానికి ఉండే ఉప్పు కల్పనకి ఎక్కణ్ణుంచి వస్తుంది? చివరికి గడియారాల షాపును గొడుగుల షాపు చేశాను. గ... గ... తీసేసి గొ... గొ... అని పెట్టాను. నా నీతి అంతవరకే పనిచేసింది.

గురువారం చదివాను. అత్త గొంతులో, మామయ్య నత్తిని. ఒక మనిషి గొంతులోంచి ఇంకో మనిషిని తీసి చూపించడం చాలా కష్టమైన విద్య. ఆ రోజు నేను చేసినంత బాగా ఎప్పుడూ చేయలేదు. సాయంత్రం దాకా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మీటల బాబాయి నవ్వలేదు. పన్నెండు కొట్టేముందు వార్తలక్క స్టూడియోలోకి వచ్చింది. నేను లేచి కుర్చీ ఇవ్వాలి, అది అక్కడి పద్ధతి. ఆమె ఆ కుర్చీలో కూర్చోకుండా నిలబడే వార్తలు చదివింది. అయ్యాక నడవలో నన్ను ఆపింది.

"ఆవిడ నమ్మి చెప్పింది నాకు. నాకురా," అంది. మళ్లీ నాతో మాట్లాడలేదు.

పది రోజులకు అత్త నుంచి కార్డు వచ్చింది. పక్క వాటా అమ్మాయి చేత రాయించింది. "మీ మామయ్య గురువారం నుంచి ఇంటికి రావడం లేదు, షాపులోనే పడుకుంటున్నాడు. నేనేం అపకారం చేశానో ఆ పక్కింటావిడను ఒక్కసారి అడుగు. అక్కలా అనుకుని చెప్పుకున్నాను, బజారుకెక్కించింది."

ఆ కార్డు జేబులో పెట్టుకుని ఆదివారం బయల్దేరాను. ముందు షాపుకే వెళ్లాను. గడియారాలవాడికి రేడియో లేకపోతే గడవదు. పన్నెండింటికి మా స్టేషను ఇచ్చే టైము చూసి ముళ్లు సరిచెయ్యాలి, అందుకని రెండు నిమిషాల ముందే పెట్టుకుంటాడు. ఈ సంగతి చిన్నప్పట్నుంచీ చూసినవాణ్ణి. ఆ రోజు నత్తి వచ్చింది సరిగ్గా ఆ ఆఖరి రెండు నిమిషాల్లో. షాపు ముందు బెంచీ మీద అప్పుడు నలుగురు కూర్చుని ఉన్నారట, వాళ్లు నవ్వారట. ఆ తర్వాత ఎవరో చెప్పారు నాకు.

మామయ్య కంటికి భూతద్దం తగిలించుకుని చిన్న చక్రమేదో చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"కూ... కూర్చో," అన్నాడు. నాతో ఎప్పుడూ మాట్లాడతాడు ఆయన.

"మామయ్యా, ఆ రేడియో..."

"నువ్వే క... కదా. తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొ... మొదటి రోజు నుంచి. గ... గడియారం టిక్కు వింటే ఏ చక్రం అరిగిందో చె... చెబుతాను. నీ గొంతు తె... తెలీదా?"

"మరి అత్తకి చెప్పలేదేం?"

"నేను ఆవిడతో మా... మాట్లాడను కదా."

నాకు నవ్వొచ్చింది, ఆయనకీ వచ్చినట్టుంది. వెంటనే ఇద్దరికీ పోయింది.

"షాపు మూసిన రో... రోజుల్లో చూసేవాణ్ణి, రేడియో పె... పెట్టుకుని నవ్వుకునేదిరా వంటింట్లో. అన్నేళ్ల తర్వాత న... నవ్వింది. ఎందుకు చెడగొట్టడం అనుకున్నా. పిల్లి సంగతి చెప్పావు, ఊ... ఊరుకున్నా. కానీ ఇది నీకు ఆవిడే చె... చెప్పుండాలి. మళ్లీ నలుగురూ న... నవ్వుకోడానికి చెప్పింది కదా. అందుకే ఇంటికి పోలేదు."

"నాకు చెప్పలేదు మామయ్యా. నవ్వడానికి అసలు కాదు." మొత్తం చెప్పాను. అబద్ధపు పక్కింటావిడ, శాలువా, చిన్న గది, నేను దొంగతనంగా వినడం, పెన్సిలు. ఆయన భూతద్దం తీసి బల్లమీద పెట్టాడు. అది లేకపోతే ఆయన కన్ను చిన్నగా, తడిగా ఉంటుంది.

"ఏ... ఏడ్చిందా?"

"బాగా ఏడ్చింది. నోటితోనే కదా చేశాను, ఆ నోటితో తప్పయిందని ఎలా అనను అంది."

చాలాసేపు షాపునిండా గడియారాలే మాట్లాడాయి.

"వెళ్లి చె... చెప్పు," అన్నాడు. "నువ్వే. ఆమె ఎవరో పరాయిదాన్ని తి... తిట్టుకుంటోంది." నేను లేచాక, నా వైపు చూడకుండా అన్నాడు. "నత్తి బాగా చే... చేశావు. ఆవిడకన్నా బాగా. ఆవిడకి పదకొండేళ్లు వే... వేశాను. నీకెన్ని వెయ్యమంటావు?"

చెప్పులు వేసుకుని అత్త ఇంటికి నడిచాను. 

అత్త ఇంట్లో రేడియో మీద గుడ్డ కప్పేసి ఉంది. నన్ను చూసి, "అడిగావా ఆమెని?" అంది. కుర్చీలో కూర్చోలేక గడపమీద కూర్చుని చెప్పాను. పక్కింటావిడంటూ ఎవరూ లేరత్తా, ఆ గొంతు నాదే, ఆ రాత నాదే అన్నాను. ఆమె నా తల నిమిరింది.

"ఆమెను కాపాడాలని చూస్తున్నావు. నీది మెత్తటి మనసు. మగాడివి, ఆ గొంతు నీదెలా అవుతుందిరా?"

"నిజంగా నాదే అత్తా."

"చాల్లే ఊరుకో. తప్పు చేసినవాళ్లను వెనకేసుకు రాకూడదు."

ఎంత చెప్పినా నమ్మలేదు. నా మీద అంత నమ్మకం. చివరికి ఇంకో దారి లేక, ఆమె కళ్లలోకి చూడకుండా నేలకేసి చూస్తూ, ఆ గొంతులో ఒక్క మాట అన్నాను. "చూశావుటే పిల్లీ, ఉప్పు ఎక్కువైనా నోరు విప్పడు."

నా తలమీది చెయ్యి ఆగింది. తర్వాత తీసేసింది.

"నేను అట్లా ఉంటానా?" అంది.

నేను గడప చెక్కను గోటితో గీకుతున్నాను.

"అందరూ నవ్వేది దానికా?"

మళ్లీ తనే అడిగింది. "అయితే ఆమె లేదన్నమాట."

"లేదత్తా."

"ఆ రోజు నా పక్కన కూర్చున్నామె?"

"వార్తలు చదివే ఆవిడ. ఆమె తప్పేం లేదు."

"ఆమె మొగుడు మాట్లాడతాడా?"

"మాట్లాడతాడు."

"పోన్లే. మంచిదే," అంది. లేచి లోపలికి వెళ్లింది. నాకు అన్నం పెట్టింది.  తిని వచ్చాను. ఎలా తిన్నానని అడక్కండి.

మర్నాడే పెద్దాయనకి చెప్పేశాను, ఇక ఆ గొంతు రాదని. గొంతు పాడైందన్నాను. అదొక్కటే నేను చెప్పిన అబద్ధాల్లో కొంత నిజమున్నది. ఊళ్లో పక్కింటావిడ చచ్చిపోయిందని పుకారు పుట్టింది. స్టేషను గేటుకి ఎవరెవరో పూలు కట్టి వెళ్లారు. పళ్ల డాక్టరు కూడా వాళ్లలో ఒకడట.

నెలా పదిహేను రోజులు గడిచాక ధైర్యం చేసి అత్త ఇంటికి బయల్దేరాను. మధ్యాహ్నం మూడు గంటలవుతోంది. వీధి గేటు తీయబోతుంటే లోపల్నుంచి మాటలు వినబడ్డాయి. అత్త ఎవరినో చేస్తోంది, పై వాటా ముసలాయన్ని అనుకుంటాను, కర్ర చప్పుడుతో సహా. మధ్యలో మామయ్య గొంతు. "అ... అట్లా కాదు. ఆయన ముందు ద... దగ్గుతాడు." అత్త దగ్గింది. మామయ్య నవ్వాడు. ఆయన నవ్వు అంతసేపు ఉండటం నేనెప్పుడూ వినలేదు. నవ్వుకి నత్తి లేదు.

గేటు మీద చెయ్యి వేసి అక్కడే నిలబడిపోయాను. నిలబడి వింటున్నానని, ఆ దగ్గు ఎన్ని సెకన్లుందో లెక్కపెట్టుకుంటున్నానని కాసేపటికి గానీ నాకు తెలియలేదు. గబగబా గేటు చప్పుడు చేశాను.

లోపల ఇద్దరూ ఒక్కసారిగా ఆగిపోయారు.

అత్త తలుపు తీసింది. కోపం లేదు ముఖంలో. నన్ను లోపలికి రానిచ్చింది, కుర్చీ చూపించింది, టీ పెడతానంది. మామయ్య కిటికీ దగ్గర పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. టీ ఇస్తూ అత్త నెమ్మదిగా, ఒక్కొక్క మాట చూసుకుని అంది.

"ఇకనుంచి వచ్చేముందు ఒక కార్డు రాయి నాన్నా. నువ్వొస్తున్నావని తెలిస్తే, మేం ఏం మాట్లాడుతున్నామో చూసుకుంటాం."